తప్పు ఎవరిదని వెతికిన రోజులు

2022 సంక్రాంతి సెలవుల్లో మా చిన్నోడు మోకాళ్ళు నొప్పి అని ఏడవడం మొదలుపెట్టాడు. వాడికప్పుడు ఐదేళ్ళు. రాత్రిపూట నొప్పి ఎక్కువయ్యేది. మా అమ్మ కొబ్బరినూనె వెచ్చచేసి రాస్తూ "ఎదిగే కాళ్ళు నాయనా, అట్లనే గుంజుతయి" అనేది. పండగ వెళ్ళాక జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒకచోట టైఫాయిడ్ అన్నారు, ఇంకోచోట వైరల్ అన్నారు. మూడో వారానికి పిల్లవాడు సున్నం కొట్టినట్టు పాలిపోయాడు. పిక్కల మీద నల్లగా కమిలిన మచ్చలు తేలాయి. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు.

చివరికి ఖమ్మంలో ఒక పిల్లల డాక్టరు వాడి పొట్ట నొక్కి చూసి, ఏమీ చెప్పకుండా రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 6.2, ప్లేట్‌లెట్లు 21 వేలు, తెల్లకణాలు 38 వేలు. అడుగున ఒక వరసలో బ్లాస్ట్ కణాలు ఉన్నాయని రాసి ఉంది. "ఇవాళే హైదరాబాద్ వెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు" అన్నారాయన. క్యాన్సర్ అనే మాట ఆయన నోటి నుంచి రాలేదు. కారులో ముందు సీట్లో కూర్చుని ఆ బ్లాస్ట్ కణాలేంటో ఫోన్లో నేనే వెతికాను. రక్త క్యాన్సర్‌లో కనిపించే ఎదగని కణాలని చదివాక ఫోన్ జేబులో పెట్టుకుని, హైదరాబాద్ వచ్చేదాకా 200 కిలోమీటర్లు వెనక్కి తిరిగి చూడలేదు. నా మొహం చూస్తే మా ఆవిడకి తెలిసిపోతుందని భయం.

హైదరాబాద్‌లో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. అక్కడ అందరూ ఏఎల్ఎల్ అంటారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదేననీ, నయమయ్యే జబ్బేననీ, చికిత్స మాత్రం రెండున్నరేళ్ళు పడుతుందనీ డాక్టరు మేడమ్ చెప్పారు. మధ్యలో ఆపకూడదని మూడుసార్లు చెప్పారు. ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారట. మన దగ్గర ఆ లెక్క తగ్గడానికి కారణాల్లో ఒకటి, కాస్త బాగవగానే ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ రాకపోవడమట. నేను తలూపుతూనే ఉన్నాను గానీ, చెవిలో పడింది "రెండున్నరేళ్ళు" ఒక్కటే.

ఆ రాత్రి నుంచి నా బుర్రలో ఒకే ప్రశ్న. ఎందుకొచ్చింది?

నాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. మా వైపు మిర్చి, పత్తి ఎక్కువ. సీజన్లో పొద్దున ఎనిమిదికి షట్టర్ తీస్తే రాత్రి పదిదాకా ఆ డబ్బాల మధ్యే ఉంటాను. కారిన డబ్బాలు ఈ చేత్తోనే తుడిచాను. ఇంటికి రాగానే చిన్నోడు పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకునేవాడు, అదే చొక్కాతో ఎత్తుకునేవాణ్ణి. వాడు నా భుజం మీద మొహం పెట్టి "నాన్న దగ్గర మందు వాసన" అనేవాడు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుంటే ఆ మాటే గుర్తొచ్చేది. నా కొడుక్కి నేనే విషం తెచ్చిపెట్టానని మనసులో ఖాయం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మొదటి నెలంతా తిండి గొంతు దిగలేదు. అందరూ పిల్లాడి మీద దిగులనుకున్నారు.

మా ఆవిడకి ఆమె లెక్క వేరే ఉందని నాకు తెలీదు.

మొదటి నెల చికిత్సను ఇండక్షన్ అంటారు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, రోజూ స్టెరాయిడ్ మాత్రలు, మధ్యమధ్య వెన్నులోకి మందు. స్టెరాయిడ్‌తో వాడికి పట్టిన ఆకలి చూసినవాళ్ళకే తెలుస్తుంది. రాత్రి రెండింటికి లేచి పప్పుచారు కావాలని ఏడ్చేవాడు. పప్పుచారు పెడితే ఆలుగడ్డ వేపుడు ఏదని గిన్నె విసిరేవాడు. మొహం గుండ్రంగా ఉబ్బింది. ఎప్పుడూ నవ్వే పిల్లాడు అమ్మను కొట్టాడు. అది మందు కోపమని నర్సమ్మ ముందే చెప్పినా, ఆ దెబ్బ తిన్నప్పుడు మా ఆవిడ మొహం నేను మర్చిపోలేను. ఆమె కిక్కురుమనలేదు. ఆ దెబ్బ తనకు పడాల్సిందే అన్నట్టు నిలబడింది. అది నాకు వింతగా అనిపించింది.

మా ఇద్దరి తీరు మొదట్నుంచీ వేరు. నేను ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను, దుకాణం అప్పుల ఖాతా లాంటిదే. ప్రతిరోజూ కౌంట్స్ రాసేవాణ్ణి. హిమోగ్లోబిన్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఏఎన్‌సీ ఎంత. ఏఎన్‌సీ అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల లెక్క. అది 500 కంటే దిగితే నాకు నిద్ర ఉండేది కాదు. ఆమె ఆ పుస్తకం ముట్టుకునేది కాదు. రిపోర్టు చేతికిస్తే మడిచి నాకే ఇచ్చేది. జమలాపురం వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది, శనివారాలు ఒంటిపూట ఉండేది. "రిపోర్టు చూడకుండా దండాలు పెడితే తగ్గుతుందా?" అని ఒకరోజు అరిచాను. "రాసుకుంటే తగ్గుతుందా?" అంది. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఒకే గదిలో, ఒకే మంచానికి చెరోపక్క.

ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మా ఊరి పిల్లలు ఆరుగురు రాత్రి బస్సెక్కి వచ్చారు. మిషన్ మీద ఒకే డోనర్ నుంచి తీసే ప్లేట్‌లెట్లు కావాలన్నారు. గంట, గంటన్నర కదలకుండా పడుకోవాలి. తీసినవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, కాబట్టి ముందే తీసి దాచుకుందామంటే కుదరదు. అందులో ఇద్దరికి రక్తం సరిపోదని వెనక్కి పంపారు. వాళ్ళు అవమానం జరిగినట్టు తల దించుకుని కూర్చున్నారు. నేనే వాళ్ళను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చికిత్సలో ఎక్కువ భాగం ఆరోగ్యశ్రీ కింద జరిగింది. అయినా బయట పరీక్షలకు, గది అద్దెకు, ప్రయాణాలకు డబ్బు నీళ్ళలా పోయింది. దుకాణం మూతపడింది. అప్పుడు నా దగ్గర అప్పు మీద మందులు తీసుకున్న రైతులు, మిర్చి ఇంకా కల్లంలో ఉండగానే, ఎక్కడో చేబదులు తెచ్చి బాకీ కట్టారు. వాళ్ళలో కొందరి దగ్గరికి వెనకటేడు నేను నలుగురిలో నిలదీసి అడగడానికి వెళ్ళినవాణ్ణి.

నెలాఖరున మళ్ళీ మూలుగ పరీక్ష. ఆ ఫలితం మీదే ముందు చికిత్స ఆధారపడుతుంది. రిపోర్టు రేపు వస్తుందనగా, వాడు నిద్రపోయాక మేమిద్దరం వరండాలో గోడకానుకుని కూర్చున్నాం. అప్పుడు ఆమె నోరు తెరిచింది.

"ఏమండీ, వీడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం రోజు నేను కూరగాయలు కోశాను. అత్తయ్య వద్దంటూనే ఉంది. పాప ఆకలంటే బెండకాయలు తరిగాను. దానివల్లే."

నాకు వెంటనే మాట రాలేదు. ఐదేళ్ళ కిందటి బెండకాయలు. నెలరోజులుగా ఆ దెబ్బలు, ఆ ఉపవాసాలు అన్నీ ఆ కత్తిపీట దగ్గరికే వెళ్తున్నాయన్నమాట. గ్రహణానికీ దీనికీ ఏం సంబంధం లేదని చెప్పాను. చెప్పిన గొంతుతోనే నా చొక్కా సంగతి చెప్పేశాను. ఆమె చాలాసేపు నన్నే చూసింది. నన్ను తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండుననిపించింది కూడా. "ఇన్నాళ్ళూ ఇది ఒక్కడివే మోస్తున్నావా?" అంది. పెళ్ళయి పన్నెండేళ్ళలో నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. ఇద్దరం పిల్లాడు లేస్తాడని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాం.

మర్నాడు రిపోర్టు బాగా వచ్చింది. జబ్బు కణాలు లెక్కకు అందనంత తగ్గిపోయాయి. ఆ ధైర్యంతో మేడమ్‌ని అడిగాను, పురుగుమందుల వల్లేనా అని. ఆవిడ తేలిగ్గా తీసెయ్యలేదు. అది నాకు నచ్చింది. "పురుగుమందులకీ పిల్లల లుకేమియాకీ సంబంధం ఉందా అని పరిశోధనలు జరిగాయి, కొంత ఉండొచ్చన్నవీ ఉన్నాయి. కానీ ఈ బాబుకి ఇందువల్లే వచ్చిందని ప్రపంచంలో ఏ డాక్టరూ చెప్పలేడు. ఎక్కువమంది పిల్లల్లో కారణం తెలీదు. మీ ఊళ్ళో మందులమ్మేవాళ్ళు, కొట్టేవాళ్ళు ఎంతమంది? వాళ్ళ పిల్లలందరికీ వచ్చిందా?" అన్నారు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, గ్రహణం మాట మాత్రం మర్చిపోండి. అది ఒట్టిదే" అన్నారు. నా ప్రశ్నకు పూర్తి విడుదల దొరకలేదు. కానీ నిజం చెప్పారన్న నమ్మకం దొరికింది. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పినా నమ్మాను.

వాడికి జబ్బు గురించి ఏం చెప్పాలన్నది ఇంకో చిక్కు. చుట్టాలంతా ఏమీ చెప్పొద్దన్నారు. కానీ జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే వాడే అడిగాడు. నాకు తెలిసిన భాషలోనే చెప్పాను. "నీ రక్తంలో కలుపు మొలిచింది నాన్నా. కలుపు మందు కొడుతున్నారు. మందు కొట్టినప్పుడు చేను కూడా కొంచెం వాడుతుంది కదా, తర్వాత పచ్చబడుతుంది. జుట్టు కూడా అట్లనే." వాడు ఆలోచించి, "మరి కలుపు మళ్ళీ మొలిస్తే?" అన్నాడు. రైతుల మధ్య పెరిగిన పిల్లాడు, అడగాల్సిందే అడిగాడు. "అందుకే రెండేళ్ళు కాపలా కాయాలి" అన్నాను. ఆ రోజు నుంచి సూదికి చెయ్యి చాపుతూ "కలుపు మందా?" అని అడిగేవాడు. అబద్ధం చెప్పి ఉంటే వాడు నన్ను అన్ని సూదులకు నమ్మేవాడు కాదు.

వార్డులో మేం ఎవరికీ పేర్లతో తెలియం. ఏడో బెడ్ వాళ్ళమ్మ, పదకొండో బెడ్ వాళ్ళ నాన్న. నన్ను తొమ్మిది అనేవాళ్ళు. పదకొండో బెడ్ నాన్న మహబూబ్‌నగర్ వైపు మనిషి, మేస్త్రీ పని. వాళ్ళ పాపకు జబ్బు ఒకసారి పోయి తిరగబెట్టింది. టీ తెచ్చుకోవడానికి ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఏ మందుకు ఏం తినిపించాలో, విన్‌క్రిస్టిన్ తర్వాత మలబద్ధకానికి ముందే ఏం అడగాలో, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో డాక్టర్ల కన్నా ముందు నాకు చెప్పింది ఆయనే. ఒక తెల్లవారుజామున ఆ మంచం ఖాళీగా ఉంది. కొత్త దుప్పటి పరిచి ఉంది. నర్సమ్మ నా వైపు చూడలేదు.

నాకు ఆ క్షణాన కలిగిన మొదటి ఆలోచన "మా వాడు కాదు" అన్నది. దాని వెనకే దుఃఖం వచ్చింది, నిజమే, కానీ మొదట వచ్చింది అదే. దానికి ఎన్ని రోజులు సిగ్గుపడ్డానో. తర్వాత ఇంకో తండ్రితో మాట్లాడుతుంటే ఆయనా అదే చెప్పాడు, కళ్ళు నేలకేసి. అక్కడ ఉన్న ప్రతి తల్లికీ తండ్రికీ ఆ ఆలోచన వస్తుందని ఇప్పుడు తెలుసు. మేస్త్రీ ఫోన్ నంబర్ నా దగ్గర ఉంది. ఏడాది పట్టింది చెయ్యడానికి. చేస్తే ఆయనే ముందు "చిన్నోడు ఎట్లున్నడన్నా?" అని అడిగాడు.

మా అమ్మ గురించి కూడా రాయాలి. కాళ్ళ నొప్పి అంటే నూనె రాసి ఊరుకున్నానని ఆమె గుండెల్లో పెట్టుకుంది. ఎవరో చెబితే పసరు మందు తెప్పిస్తానంది. విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారని ఒక జూనియర్ డాక్టరు నాతో అన్నాడు, నేను పొరపాటున అమ్మకు చెప్పాను. మా ప్రహరీ పక్కన ఆ మొక్కలు బోలెడు. ఇంకేముంది, ఆకు నూరి తాగిస్తానని పట్టుబట్టింది. మేడమ్ ఫోన్లో గట్టిగా చెప్పారు: మొక్కలో విషం కూడా ఉంటుంది, వేలెడు ఆకులో మందు ఎంతుందో ఎవరికీ తెలీదు, సూదిలో అయితే పిల్లాడి ఒంటి కొలత చూసి లెక్క కట్టి ఇస్తాం అని. అమ్మ నూరడం మానేసింది. కానీ రోజూ పొద్దున ఆ మొక్కలకు నీళ్ళు పోసి దండం పెట్టుకునేది. అది ఎవరం ఆపలేదు.

అదే జూనియర్ డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు. వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ మందు వెనక ఒక తెలుగాయన ఉన్నాడని. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అది కొన్ని నెలలే నిలిచింది, కానీ అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందూ లేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు అదే ఏడాది పోయారట. చిన్నోడిని ముడుచుకుని పడుకోబెట్టి వెన్నులో సూది గుచ్చేటప్పుడు నేను ఆయనను తలుచుకునేవాణ్ణి. మా ఆవిడ స్వామిని తలుచుకునేది. ఒకరి మాట ఒకరం అప్పటికి కాదనడం మానేశాం.

ఎనిమిదో నెలలో మెయింటెనెన్స్, అంటే ఇంటి దగ్గరే మాత్రలతో నడిచే చివరి దశ, మొదలై ఊరికి వచ్చాం. రాత్రి రోజూ మాత్ర, మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే. వాటిని పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పారు. అందుకని మా ఆవిడ కేలండర్‌లో బుధవారాలన్నీ ఎర్రగా చుట్టి, ఆ మాత్రలు వేరే డబ్బాలో పెట్టి తాళం తన కొంగుకు కట్టుకుంది. నా నోటుబుక్కు కూడా అప్పుడే ఆమె చేతికి వెళ్ళింది. ఒక రాత్రి పదకొండింటికి ఒళ్ళు కాలింది, 101. జ్వరం మాత్ర వేసి పొద్దున చూద్దామన్నారు ఇంట్లో వాళ్ళు. ఆమె ఎవరి మాటా వినకుండా చెప్పులు కూడా వేసుకోకుండా బ్యాగు పట్టుకుని కారెక్కింది. ఖమ్మంలో ముందు యాంటీబయాటిక్ పెట్టించి, తెల్లారేసరికి హైదరాబాద్ చేరాం. కౌంట్స్ అడుగంటాయి. ఆ రాత్రి ఆగి ఉంటే ఏమయ్యేదో మేడమ్ చెప్పలేదు, మేం అడగలేదు.

ఈ హడావిడిలో మేం సరిగా చూడనిది మా పాపను. చిన్నోడి కంటే నాలుగేళ్ళు పెద్దది. ఎనిమిది నెలలు నానమ్మ దగ్గర వదిలేశాం. ఫోన్లో "తమ్ముడెలా ఉన్నాడు" అని తప్ప ఏమీ అడిగేది కాదు. బుద్ధిమంతురాలని మురిసిపోయాం. వచ్చిన పదిహేను రోజులకు ఒకరోజు దుకాణానికి అన్నం క్యారేజీ తెచ్చి, బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"నాన్నా, దీపావళికి కాకరపువ్వొత్తుల కోసం తమ్ముణ్ణి నెట్టేశా. మెట్ల మీద పడ్డాడు. మోకాలికి తగిలింది. అందుకేనా?"

సంవత్సరం. పదేళ్ళ పిల్ల దాన్ని దాదాపు సంవత్సరం లోపల పెట్టుకుంది. నేను, వాళ్ళమ్మ, నానమ్మ, అందరం ఎవరి తప్పు వాళ్ళం తవ్వుకుంటూ కూర్చున్నాం గానీ, ఆ పిల్ల కూడా తవ్వుకుంటుందని ఒక్కరికీ తట్టలేదు. షట్టర్ సగం దించి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. నేనేం అనుకున్నానో, అమ్మ ఏం అనుకుందో, నానమ్మ ఏం అనుకుందో అన్నీ చెప్పాను. "అయితే అందరూ అనుకున్నారా?" అంది ఆశ్చర్యంగా. అందరం అనుకున్నాం, ఎవరిదీ కాదు, అన్నాను. నెట్టితే, కొడితే ఈ జబ్బు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు అని ఒట్టేసి చెప్పాను. ఆ మాట మా వీధిలో కొందరు పెద్దవాళ్ళకు కూడా చెప్పాల్సి వచ్చింది, తమ పిల్లల్ని మా గుమ్మం ఎక్కనివ్వనప్పుడు. అక్కడ నాకు అంత ఓపిక లేకపోయింది.

2024 ఆగస్టులో చివరి మాత్ర వేశాం. ఆ రోజు కోసం రెండున్నరేళ్ళు ఎదురు చూశాం కదా, వచ్చాక సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది. మందు ఉన్నన్నాళ్ళూ ఏదో కాపలా ఉన్నట్టుండేది. ఇప్పుడు పరీక్షల మధ్య ఎడం పెరుగుతున్న కొద్దీ ఆ ముందు వారం మా ఇద్దరికీ నిద్ర ఉండదు. స్నానం చేయిస్తూ మా ఆవిడ ఇప్పటికీ వాడి పిక్కలు తిప్పి చూస్తుంది. వాడు బడికి వెళ్తున్నాడు, గెంతుతాడు, పడతాడు, మచ్చలు అవుతూనే ఉంటాయి. ప్రతి మచ్చకూ "ఎక్కడ పడ్డావు?" అని అడిగి, సమాధానం వచ్చేదాకా ఊపిరి బిగబడుతుంది. జమలాపురం మొక్కు చెల్లించాం. నేనూ గుండు కొట్టించుకున్నాను.

దుకాణం మళ్ళీ తెరిచాను, వేరే పని నాకు రాదు. చేతులకు తొడుగులు లేకుండా డబ్బా ముట్టను, కొనేవాళ్ళకూ చెబుతాను. రాత్రి ఇంటికి వస్తే ముందు వాకిట్లోంచి రాను. పెరటి వైపు కుళాయి దగ్గర చొక్కా, ప్యాంటు విప్పి బకెట్లో వేసి, సబ్బుతో కడుక్కుని, లుంగీ కట్టుకుని లోపలికి వస్తాను. మేడమ్ చెప్పినదాంట్లో నాకు మిగిలిన ఆ కాస్త అనుమానానికి నేను చేసుకున్న ఏర్పాటు అది. మొన్న చిన్నోడు బడి నుంచి వచ్చి, బ్యాగు అరుగు మీద పడేసి, వెనకవైపు వెళ్ళాడు. నేను చూస్తుండగానే యూనిఫారం చొక్కా విప్పి బకెట్లో వేసి, కుళాయి తిప్పాడు. "ఏంట్రా?" అంటే, "నువ్వు కడుక్కుంటావుగా. నేనూ పెద్దయ్యా" అన్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయని అరుస్తూ, గెంతుతూ.